పాటలో 'నువ్వు' ఎవరు? - షికో బువార్కి పాటల మీద కొన్ని ఆలోచనలు

కొన్నేళ్ల క్రితం మా ఊళ్లో జరిగిన ఒక సాహిత్య గోష్ఠిలో బ్రెజిల్ కవి, గాయకుడు షికో బువార్కి పాట ఒకదాని భావం తెలుగులో చెప్పాను. సైనిక ప్రభుత్వం జనం గొంతు మీద కూర్చున్న రోజుల్లో, 1970లో, ఆయన రాసిన పాట అది. పేరు 'అపెజార్ జి వొసె'. నువ్వున్నా సరే, నువ్వెంత అడ్డుపడినా సరే అని దాని అర్థం. సభ శ్రద్ధగానే విన్నది. చివర ఎం.ఎ. చదువుతున్న కుర్రవాడొకడు లేచి, "ఆ సైనిక ప్రభుత్వం 1985లోనే పోయింది కదండీ! పాటలో తిట్టిన ఆ 'నువ్వు' ఇప్పుడు లేడు. ఇక ఆ పాటతో మనకు పనేమిటి?" అని అడిగాడు.

మంచి సాహిత్యం కాలానికి లొంగదని నేనేదో చెప్పాను. అందరూ చెప్పే మాటే. అది జవాబు కాదని చెబుతున్నప్పుడే నాకు తెలుసు. కుర్రవాడి ప్రశ్న సరైనది. నిరసన సాహిత్యానికి ఎదుట ఒక శత్రువు ఉంటాడు. ఆ శత్రువు కుర్చీ దిగిపోయాక రచయిత ఏం చేయాలి? పాత పాటలే పాడుకుంటూ సన్మానాలు అందుకోవడం ఒక దారి. శత్రువు పోయాడు గనుక చంద్రుడి మీదా, ప్రేయసి మీదా రాసుకోవడం మరో దారి. రెండు దారుల్లోనూ నడిచినవాళ్లు మనకూ ఉన్నారు, బ్రెజిల్‌కూ ఉన్నారు. షికో 2017 ఆగస్టులో, తన 73వ ఏట, 'కారవానస్' అనే ఆల్బమ్ తెచ్చాడు. అందులోని చివరి పాట విన్న తరువాత ఆ కుర్రవాడికి జవాబు చెప్పవచ్చుననిపించింది. అయితే ఆ పాట దగ్గరికి నేరుగా వెళితే దాని బరువు తెలియదు. వెనక్కి వెళ్లి రావాలి.

షికో కార్మిక కుటుంబంలో పుట్టినవాడు కాడు. 1944లో రియో డి జెనీరోలో పుట్టాడు. తండ్రి సెర్జియో బువార్కి జి ఒలాండా పేరుమోసిన చరిత్రకారుడు. బ్రెజిల్ సమాజపు మూలాలను వెతుకుతూ ఆయన 1936లో రాసిన పుస్తకం అక్కడి విద్యార్థులకు ఇవాళ్టికీ పాఠ్యగ్రంథం. ఇంటినిండా పుస్తకాలు, వచ్చేపోయే కవులు, గాయకులు. కొడుకు సావో పౌలోలో భవన నిర్మాణ శాస్త్రం చదవడానికి చేరి మధ్యలో మానేశాడు. ఇరవయ్యేళ్లు నిండీ నిండకముందే ఈశాన్య బ్రెజిల్ కరువు సీమ రైతు మీద జొవావ్ కబ్రాల్ జి మెలో నెతో రాసిన పద్య నాటకానికి బాణీలు కట్టాడు. 1966లో టెలివిజన్ పాటల పోటీలో 'అ బాండా' అనే పాటతో దేశమంతటికీ తెలిశాడు. వీధిలో బ్యాండుమేళం వెళుతుంటే జనం కాసేపు కష్టాలు మరిచి చూడటం దాని వస్తువు. ఆకుపచ్చ కళ్ల అందగాడు, మంచి కుటుంబంలోని కుర్రవాడు, మెత్తని పాట. మధ్యతరగతి ఇళ్లలో తల్లులు ఇలాంటి కొడుకు ఉండాలనుకున్నారు.

అప్పటికే 1964 సైనిక కుట్ర జరిగి రెండేళ్లయింది. 1968 జనవరిలో షికో నాటకం 'రోదా వీవా' రంగస్థలం మీదికి వచ్చింది. జనం ఒక గాయకుడిని ఎత్తి కుదేసి నమిలి ఉమ్మేయడం దాని కథ. దర్శకుడు జొజె సెల్సో దాన్ని ప్రేక్షకుల ముఖం మీద కొట్టినట్టు ప్రదర్శించాడు. జూలైలో సావో పౌలోలో మితవాద ముఠా థియేటర్‌లో జొరబడి నటీనటులను కొట్టింది. ఆ ఏడాది డిసెంబరు 13న సైనిక ప్రభుత్వం ఐదో శాసనం తెచ్చి మిగిలిన హక్కులన్నీ రద్దు చేసింది. కాయెతానో వెలోజో, జిల్బెర్తో జిల్ జైలుకు, అక్కడనుంచి లండన్ ప్రవాసానికి వెళ్లారు. షికోను పిలిచి ప్రశ్నించారు. 1969 మొదట్లో యూరప్ వెళ్లిన మనిషి 1970 మార్చి దాకా ఇటలీలోనే ఉండిపోయాడు.

తిరిగివచ్చి రాసినదే నేను గోష్ఠిలో వినిపించిన పాట. పైకి అది విడిపోయిన ప్రియురాలి మీద అలక. ఇవాళ నువ్వు చెప్పిందే వేదం, రేపు తెల్లవారక మానదు, అప్పుడు నీ ముఖం ఎలా పెట్టుకుంటావో చూస్తాను అనే ధోరణి. సెన్సారు అధికారులు ప్రేమపాటే అనుకుని అనుమతించారు. రికార్డు సుమారు లక్ష ప్రతులు అమ్ముడుపోయిందని చెబుతారు. ఆ తరువాత ఎవరో అసలు సంగతి గ్రహించారు. పాటను నిషేధించారు, ఫ్యాక్టరీలో మిగిలిన రికార్డులను నాశనం చేయించారు. ఆ 'నువ్వు' అధ్యక్షుడు జనరల్ మెదిసి కాదా అని షికోను ప్రశ్నించారు. పెత్తనం చలాయించే ఒక గయ్యాళి ఆడమనిషి అని ఆయన జవాబు.

పోర్చుగీసులో 'వొసె' అనే సర్వనామం మన 'నువ్వు' లాంటిదే. ఆడో మగో చెప్పదు. మన భాషలో ఈ పాట ఇంకా సులభంగా ఇముడుతుంది. ప్రేమగీతంలోనూ 'నువ్వే', తిట్లలోనూ 'నువ్వే'. ఆ ఒక్క మాటలో ఉన్న సందు గుండా లక్షమంది దూరిపోయారు. మనం రచనలో విశేషణాల గురించీ, ప్రతీకల గురించీ పేజీలకొద్దీ చర్చిస్తాం. సర్వనామాల గురించి మాట్లాడం. షికో దగ్గర నేర్చుకోవలసింది అక్కడే ఉందని నా అభిప్రాయం.

తరువాతి ఏడాది, 1971లో, 'కన్‌స్ట్రుసావ్' వచ్చింది. నిర్మాణం అని అర్థం. ఇందులో 'నువ్వు' లేదు, 'అతను' ఉన్నాడు. ఒక భవన కార్మికుడు ఉదయం భార్యనూ బిడ్డలనూ ముద్దాడి పనికి వెళతాడు. పరంజా ఎక్కుతాడు. గోడ కడతాడు. ఇంత తిని, ఇంత తాగుతాడు. కాలు తప్పి రోడ్డు మీద పడి చస్తాడు. నగరానికి కలిగిన నష్టమల్లా కాసేపు ట్రాఫిక్ ఆగడం. కథ ఇంతే. ఏడాదికి పది శాతం పైన ఆర్థికాభివృద్ధి అని పాలకులు ఢంకా కొడుతున్న రోజులవి. 'బ్రెజిల్ అద్భుతం' అని దానికి పేరు. ఆకాశహర్మ్యాలు లేస్తున్నాయి, అమెజాన్ అడవిని చీల్చుకుంటూ రహదారి పోతోంది, రియో నుంచి నితెరోయికి సముద్రం మీద వంతెన కడుతున్నారు. ఆ అద్భుతం కింద పడి చచ్చినవాడి కథ ఇది.

అయితే ఈ కథను మనం చాలా కవితల్లో చదివాం. కొండలు పగలేసిన కూలీలను మన కవులూ పాడారు. షికో చేసిన పని వేరు. పాటలో నలభైకి పైగా పాదాలున్నాయి. ప్రతి పాదమూ ఒకే రకం మాటతో ముగుస్తుంది. పోర్చుగీసు మాటల్లో ఏదో ఒక అక్షరాన్ని ఒత్తి పలుకుతారు. సాధారణంగా ఆ ఒత్తు చివరిదాని మీదో, దాని ముందుదాని మీదో పడుతుంది. చివరనుంచి మూడో అక్షరం మీద ఒత్తు పడే మాటలు అరుదు. షికో పాదాంతాలన్నీ ఆ అరుదైన మాటలే. గురులఘువులతో దీన్ని పోల్చబోతే కుదరదు. మనది మాత్రల లెక్క, వాళ్లది ఒత్తు లెక్క. కాని వినేటప్పుడు భాష రాకపోయినా తెలుస్తుంది. ప్రతి పాదం చివర కాలు జారి రెండు మెట్లు కిందికి పడ్డట్టుంటుంది.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి. మొదటి భాగం అయిపోయాక అదే కథ మళ్లీ మొదలవుతుంది. అదే ముద్దు, అదే గోడ, అదే పడిపోవడం. పాదాలు దాదాపు అవే, చివరి మాటలు మాత్రం తారుమారవుతాయి. ఇంతకుముందు గోడకు తగిలించిన పోలిక ఇప్పుడు మరోదానికి తగులుతుంది. మనిషికి చెప్పిన మాట వస్తువుకు పోతుంది. మూడోసారి కథ కుంచించుకుపోతుంది, మాటలు మళ్లీ మారతాయి. ఒక ఇటుక తీసి ఇంకో ఇటుక పెట్టినట్టు, ఒక కూలీ చస్తే ఇంకో కూలీని పెట్టినట్టు మాటలను ఎత్తి పెడుతున్నాడని రెండోసారి విన్నప్పుడు గాని నాకు తట్టలేదు. కార్మికుడిని యంత్రభాగంగా చూసే వ్యవస్థను తిట్టనవసరం లేకుండా పాట కట్టుబడిలోనే చూపాడు. వస్తువు ఏది, శిల్పం ఏది అని ఇక్కడ విడదీయగలిగినవాళ్లు ఉంటే విడదీయమనండి. రొజేరియో దుప్రా కూర్చిన వాద్య సంగీతం చివరికి వచ్చేసరికి ఇత్తడి వాద్యాలు ట్రాఫిక్ హారన్లలా మీదపడతాయి.

ఆ తరువాత నాలుగేళ్లూ సెన్సారుతో దాగుడుమూతలే. 1973లో జిల్‌తో కలిసి 'కాలిసి' అనే పాట రాశాడు. ఆ మాటకు పానపాత్ర అని అర్థం. క్రీస్తు తన ముందున్న చేదు పాత్రను తొలగించమని తండ్రిని ప్రార్థించిన ఘట్టం గుర్తుకు తెచ్చుకోండి. అదే మాట చెవికి 'నోరు మూయి' అనే ఆజ్ఞలా కూడా వినిపిస్తుంది. మనకు శ్లేష కొత్త కాదు. పింగళి సూరన ఒకే పద్యంలో రామాయణమూ భారతమూ చెప్పి 'రాఘవపాండవీయం' రాశాడు. అక్కడ శ్లేష పాండిత్య ప్రదర్శన, రసజ్ఞుల మెప్పు కోసం. ఇక్కడ పోలీసును దాటడం కోసం. అయినా దాటలేదు. ఆ మే నెలలో సావో పౌలోలో రికార్డు కంపెనీ పెట్టిన కచేరీలో ఇద్దరూ మాటలు లేకుండా, ఆ ఒక్క మాట మాత్రం పలుకుతూ పాడబోతే మైకులు మూగబోయాయి. పాట రికార్డుగా 1978లో గాని రాలేదు. జిల్ గొంతు వినిపించవలసిన చోట మిల్టన్ నాసిమెంతో పాడాడు.

అదే ఏడాది రూయి గెర్రాతో కలిసి రాసిన 'కాలబార్' నాటకాన్ని నిషేధించారు. 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లను వదిలి డచ్చివాళ్ల పక్షం చేరి ఉరికంబమెక్కిన కాలబార్ దేశద్రోహా కాదా అని ఆ నాటకం అడుగుతుంది. దేశభక్తిని సైనికాధికారులు గుత్తకు తీసుకున్న కాలంలో ఆ ప్రశ్నే నేరమైంది. నాటకం పాటల రికార్డు మీద కాలబార్ పేరు కూడా ఉండకూడదన్నారు. తెల్ల అట్ట మీద 'షికో పాడుతున్నాడు' అన్న అర్థం వచ్చే పేరు మాత్రం వేసి అమ్మారు. 1975 ఎమర్జెన్సీలో మన పత్రికలు సంపాదకీయం చోటు ఖాళీగా వదిలిన సంగతి తెలిసినవాళ్లకు తెల్ల అట్ట అర్థం వేరే చెప్పనక్కర లేదు.

చివరికి షికో బువార్కి అని పేరుంటే చాలు పాట తిరిగి వచ్చేది. అప్పుడాయన జూలీన్యో ద అదెలైద్ అనే మురికివాడ సాంబా కవిని పుట్టించాడు. ఆ పేరుతో పంపిన పాటలు ఇట్టే అనుమతి పొందాయి. ఒకదానిలో అర్ధరాత్రి తలుపు తట్టింది పోలీసులని తెలిసి భయపడ్డ మనిషి, కాపాడమని దొంగను పిలుచుకుంటాడు! 1974లో ఒక దినపత్రిక ఈ లేని కవితో ఇంటర్వ్యూ కూడా వేసింది. గుట్టు రట్టయ్యాక సెన్సారు కార్యాలయం కొత్త నియమం పెట్టింది: ఇకమీదట పాటతోపాటు రచయిత గుర్తింపు కార్డు నకలు కూడా జతచేయాలి. కల్పిత పాత్ర ప్రభుత్వ నిబంధనను మార్చిన సందర్భం ఇంకొకటి నేనెరగను.

మిగిలిన చరిత్ర వేగంగా చెబుతాను. యూరిపిడీస్ 'మెడియా'ను రియో శివారు పేటలోకి తెచ్చి, పావులో పోంతెస్‌తో కలిసి 1975లో నాటకం రాశాడు. లిస్బన్‌లో ప్రవాసంలో ఉన్న నాటకకర్త ఔగుస్తో బోఆల్‌కు 1976లో పాటనే ఉత్తరంగా పంపాడు. కొడుకును సైన్యం చంపితే న్యాయం కోసం తిరిగి, 1976లో తానూ కారు 'ప్రమాదం'లో చనిపోయిన జూజు ఏంజెల్ మీద రాశాడు. తనకేమైనా జరిగితే కారకులెవరో రాసిన కాగితాన్ని ఆమె ముందే షికో ఇంట్లో ఇచ్చి వెళ్లింది. 1984లో, ప్రత్యక్ష ఎన్నికల కోసం లక్షలమంది వీధుల్లోకి వచ్చినప్పుడు, ఆయన సాంబా వాళ్ల నోట ఉంది. మరుసటి ఏడాది సైన్యం వెళ్లిపోయింది. 1997లో భూమిలేని రైతుల ఉద్యమం మీద సెబస్తియావ్ సల్గాదో తీసిన ఫొటోల పుస్తకానికి తోడుగా పాటలిచ్చాడు. నవలలు రాశాడు, బహుమతులు పొందాడు. నవలలు మంచివే, కాని ఆ మాట ఇంకోసారి.

ఇప్పుడు 'కారవానస్' సంగతి. తొమ్మిది పాటలు, మొత్తం అరగంటకు లోపే. అంతకుముందు ఆల్బమ్ 2011లో వచ్చింది. ఆరేళ్లు కాచుకున్నవాళ్లకు మొదట చేతికి చిక్కింది 'తువా కాంతిగా' అనే ప్రేమపాట. నువ్వు పిలిస్తే పెళ్లాం బిడ్డలను వదిలి వచ్చేస్తానని ప్రియుడు ప్రియురాలికి చెబుతాడందులో. బ్రెజిల్ స్త్రీలు చాలామంది మండిపడ్డారు. పాత్ర మాట కవి మాట కాదని అభిమానులు సమర్థించారు. పాత్ర మాట కవి మాట కాదన్నది నిజమే. కాని ఆ పాత్రను ఏ కాలంలో, ఏ స్వరంతో ముందుకు తెచ్చావన్నది కవి బాధ్యతే. ఆ పాటలో భార్య గొంతు ఎక్కడా లేదు. స్త్రీ గొంతుతో ఎన్నో పాటలు రాసిన మనిషి దగ్గర ఈ లోటు కనబడుతుంది. నా దృష్టిలో విమర్శ సగానికి పైగా న్యాయమే. షికో ఆ పాటను వదులుకోలేదు గాని, బయటికి పోయిన మగడి కోసం తీపి చేసి ఎదురుచూసే ఇల్లాలి మీద 1960లలో తాను రాసిన మరో పాటను ఇక పాడనని, స్త్రీవాదుల మాట సబబేనని 2022లో బహిరంగంగానే ఒప్పుకున్నాడు.

మధ్యలో మనవరాలితో ఒక యుగళగీతం, మనవడు కట్టిన బాణీకి ఒక పాట, హవానా మీద స్పానిష్‌లో ఒకటి, ఫుట్‌బాల్ మీద ఒకటి. హాయిగా ఉన్నాయి. వాటి 'నువ్వు'లన్నీ ప్రియురాళ్లే. ఇది వృద్ధాప్యపు సాయంకాలం అనుకుంటూ ఉండగా తొమ్మిదో పాట మొదలవుతుంది.

అర్థం కావాలంటే రియో నైసర్గిక స్థితి తెలియాలి. కోపకబానా, ఇపనెమా, లెబ్లన్ వంటి ప్రఖ్యాత సముద్రతీరాలన్నీ దక్షిణ మండలంలో ఉన్నాయి. అక్కడ సంపన్నులు, పై మధ్యతరగతి ఉంటారు. ఉత్తరాన రైలుమార్గాల వెంట పేన్యా, ఇరజా వంటి శ్రామిక పేటలు, వాటి నడుమ ఫవేలాలు. అక్కడివాళ్లలో నల్లవాళ్లు ఎక్కువ. చట్టప్రకారం సముద్రం అందరిదీ. ఎండాకాలం ఆదివారాల్లో ఉత్తరపు కుర్రవాళ్లు చొక్కాలు లేకుండా బస్సులెక్కి వస్తారు. దక్షిణపు ఇళ్లలో గుండెలు గుబగుబలాడతాయి. దోపిళ్లు జరిగిన మాట అబద్ధం కాదు. కాని 2015లో పోలీసులు ఏ నేరమూ చేయని కుర్రవాళ్లను, తీరానికి పోతున్నారన్న ఒక్క అనుమానంతో, బస్సుల్లోంచి దింపి పట్టుకుపోయారు.

'అస్ కారవానస్' ఆ బస్సుల పాట. ఎడారిలో బిడారుల్లా బస్సులు దిగుతాయి. వెనక ఎలింగ్టన్ వాయించిన 'కారవాన్' అనే పాత జాజ్ బాణీ నీడలా కదులుతుంది. దానిమీద రఫాయెల్ మైక్ అనే ఫవేలా కళాకారుడు నోటితో చేసే దరువు. ఆ దరువు ఫంక్‌ది, అంటే రియో మురికివాడల నృత్యసంగీతానిది. నూరేళ్ల కిందట సాంబా వాయించేవాళ్ల వెంట పోలీసులు పడేవాళ్లు. ఇప్పుడు ఫంక్ వెంట పడుతున్నారు. సాంబా పెద్దమనిషి ఫంక్ కుర్రవాడిని తన పాటలోకి పిలవడం ఊరికే జరిగింది కాదు. మాటల్లో మండే ఎండ ఉంది, నేరమంతా ఎండదే అన్న సాకు ఉంది. కామూ నవల 'అపరిచితుడు' చదివినవాళ్లకు తీరాన అరబ్బును కాల్చి సూర్యుడి మీద నెపం పెట్టిన మెర్సో గుర్తొస్తాడు. మర్యాదస్తులు పోలీసులను పిలిచి, ఈ మూకను ఫవేలాకు తోలండి, లేదంటే ఆఫ్రికా రేవులకే తోలండి అంటారు. ఆ రేవులు బానిస ఓడలు బయలుదేరిన రేవులు. రియోలో ఆ ఓడలు వచ్చి ఆగిన వలోంగో రేవును, సుమారు 9 లక్షలమంది దిగిన చోటును, యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది 2017 జూలైలో. ఆల్బమ్ వచ్చింది ఆగస్టులో. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. పాటలో బస్సు కింద ఓడ ఉంది.

ఇంతకీ ఈ పాటలో 'నువ్వు' ఎవరు? లేడు. వేలు చూపడానికి జనరల్ లేడు. మాట్లాడుతున్న గొంతు భయపడ్డ ఇరుగుపొరుగుది. ఆ ఇరుగుపొరుగు షికోదే. ఆయన జీవితం గడిచింది దక్షిణ మండలంలోనే. 2015 డిసెంబరులో లెబ్లన్‌లో భోజనం చేసి బయటికి వచ్చిన ఆయనను, వర్కర్స్ పార్టీని సమర్థిస్తున్నందుకు, నడివీధిలో నిలదీసి ఎగతాళి చేసింది ఫవేలా కుర్రవాళ్లు కాదు, ఆయన తరగతి పిల్లలే. 1970లో 'నువ్వు' అని పైకి చూసి అన్నాడు. 1971లో 'అతను' అని కిందికి చూసి అన్నాడు. 2017లో పక్కకు చూశాడు. పాట చివర ఇంత పిచ్చి జనం ఎక్కడా ఉండరులే, ఇవన్నీ నా చెవిలో మోగే గొంతులేమో, పిచ్చి నాదేనేమో అంటాడు. శత్రువు మీద గురిపెట్టిన మాట తిరిగి తిరిగి 'నేను' దగ్గరికి వచ్చింది. సైనిక నియంతను తిట్టడానికి ధైర్యం కావాలి. మన వీధివాళ్ల భయాన్ని మన గొంతుతో పలికించడానికి కావలసింది వేరే రకం నిజాయితీ. అది ధైర్యం కంటే అరుదని నా అనుభవం.

2019లో పోర్చుగీసు భాషలో అత్యున్నతమైన కమోయెన్స్ బహుమతి షికోకు ప్రకటించారు. అప్పటి అధ్యక్షుడు బోల్సొనారో పత్రం మీద సంతకం పెట్టలేదు. సంతకం లేకపోవడం తనకు రెండో బహుమతి అన్నాడు షికో. 2023 ఏప్రిల్‌లో లులా సంతకంతో అది చేతికందింది. దీన్నిబట్టి పాత శత్రువులు పూర్తిగా పోలేదని కూడా వాదించవచ్చు. కాని గోష్ఠిలో కుర్రవాడు అడిగిన ప్రశ్నకు అది తేలిక జవాబు అవుతుంది.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఒక కళాశాలలో పాఠాలు చెబుతున్నాడు. ఈ పాట పంపితే విని, తెలుగులో భావం రాసిమ్మన్నాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. పోలీసులను పిలిచే మర్యాదస్తుల దగ్గర షికో 'అ జెంతి' అనే మాట వాడాడు. వ్యాకరణం ప్రకారం అక్కడ దానికి 'ఆ జనం' అని అర్థం. కాని బ్రెజిల్ వీధుల్లో ఇదే మాటను రోజూ 'మేము' అనే అర్థంలోనూ వాడతారు, 'మనం' అనే అర్థంలోనూ వాడతారు. వినేవాళ్ల చెవిలో ఆ చప్పుడు మోగకపోదు. 'వాళ్లు' అని రాస్తే అర్థం సరిపోతుంది, పాట పోతుంది. 'మేము' అంటే పాడేవాడు దొరుకుతాడు, వినేవాడు తప్పించుకుంటాడు. 'మనం' అంటే కుర్రవాడూ నేనూ ఇద్దరమూ అందులో పడతాం. వారం రోజులుగా ఆ పాదం దగ్గరే ఆగి ఉన్నాను.